ఊరికంతా అల్లుడైన ఆడిటర్

మనిషన్నాక బంధువులుండటం సహజం. ఆడిటరన్నాక ఉండటం నేరం. లోకంలోని తప్పుడు లెక్కలన్నిటికీ మూలం అత్యాశ కాదు, అజ్ఞానం కాదు, “ఎప్పుడొచ్చినవ్, బాగున్నవా” అనే పలకరింపేనని ఎనభైల చివర్లో రెండు జిల్లాల లెక్కల వృత్తి ప్రమాణాల పరిరక్షణ మండలి సుదీర్ఘ పరిశోధన చేసి కనుగొంది. (పరిశోధన జరిగినన్ని రోజులూ మండలికి భోజనాలు అధ్యక్షులవారి బావమరిది హోటల్ నుంచే వచ్చాయి. అది వేరే సంగతి.)

ఆ కనుగొన్నది కాస్తా ఒక గోధుమరంగు కవరులో కూర్చుని మహబూబ్‌నగర్‌కు వచ్చింది. వచ్చి, పెళ్లి పసుపు ఇంకా ఆరని స్వరూప ఇంటి మెట్లెక్కింది.

స్వరూప స్టేషన్ రోడ్డులో సైకిల్ దుకాణం నడిపే ఎల్లయ్య కూతురు. ఊళ్లోనే బీకాం చదివింది. ఆమెను చేసుకున్న అమరేందర్‌ది నల్లగొండ జిల్లా కేతేపల్లి. హైదరాబాద్‌లో సీఏ పూర్తిచేసి, అత్తగారి ఊళ్లో ఆఫీసు పెట్టుకున్నాడు. కింద ఆఫీసు, పైన కాపురం. పైన వంటింటి కిటికీ తెరిస్తే రైలు కనిపిస్తుంది. ప్యాసింజర్ పోతున్నప్పుడు స్వరూప గరిటె ఉన్న చెయ్యే ఊపుతుంది. రైల్లో ఎవరో ఒకరు తిరిగి ఊపుతారు. ఇంత సుఖం ఒక కిరాయి ఇంట్లో ఉంటుందని ఆమెకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

అమరేందర్ మాట్లాడే తీరు కూడా ఆమెకు కొత్త సంబరమే. ఆడిట్ రిపోర్టు రాసిరాసి ఆ మనిషికి మామూలు మాట రాకుండా పోయింది. కాపురం పెట్టిన మొదటి రోజు పప్పు తిని, చెయ్యి కడుక్కుని, బాగా ఆలోచించి అన్నాడు.

“నాకు వడ్డించినంత మేరకు, నేను తిన్నంత మేరకు, పప్పు బాగున్నట్టే ఉంది. ఉప్పు విషయం మినహాయించి.”

“మినహాయింపు లేని పప్పు కావాల్నంటే రేపటి సంది మీరే వండుండ్రి” అంది స్వరూప. మర్నాడు అతనే వండాడు. ఆ పప్పు మీద ఎలాంటి అభిప్రాయమూ వెలిబుచ్చలేనని ఆమె రాతపూర్వకంగా తెలియజేసింది. ఆ చీటీని అతను మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

ఇక కవరు సంగతి. ఆడిటర్ ఏ పనైనా మొదలుపెట్టేముందు క్లయింటుకు ఒక లేఖ ఇస్తాడు. దాన్ని ఆ వృత్తివాళ్లు ఎంగేజ్‌మెంట్ లెటర్ అంటారు, మనం ఒప్పంద లేఖ అనుకోవచ్చు. ఆడిటర్ ఏం చూస్తాడు, ఏం చూడడు, ఏ కాగితాలు ఎవరు తెచ్చివ్వాలి, రేపు కొంప మునిగితే ఎవరు ఎవరిని అనకూడదు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఇద్దరూ సంతకాలు పెడతారు. ఆ తరువాత ఇద్దరూ చదవరు. ఎంతో శాంతియుతమైన ఏర్పాటు. మండలి ఆ లేఖకు కొత్త నమూనా తయారుచేసి, అడుగున ఒక గడి చేర్చింది: “ఆడిటర్‌తో మీకు వరస ఏమిటి? ఉన్నది ఉన్నట్టు రాయవలెను.”

మరే దేశంలోనైనా ఆ గడిలో జనం అడ్డంగా ఒక గీత గీసి ఊరుకునేవాళ్లు. కానీ ఇది మహబూబ్‌నగర్, అంటే పాలమూరు. ఇక్కడ పిల్లనిచ్చేది ఒక్క ఇల్లే అయినా, అల్లుడు మాత్రం ఊరందరికీ అల్లుడే. పాలు పోసే ఆమెకు అల్లుడే, రిక్షా తొక్కే ముసలాయనకు అల్లుడే, మసీదు ముందు అత్తరు అమ్మే ఆయనకూ అల్లుడే. కులం, మతం, ఇంటిపేరు ఎవరూ అడగరు. స్వరూప ఆ ఊరి బిడ్డ. ఆ బిడ్డ చెయ్యి పట్టుకున్నవాడు ఇంకేమవుతాడు?

ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి క్లయింట్లు ఉన్నది ఉన్నట్టు రాశారు. పల్లినూనె మిల్లు చోటే మియా “అల్లుడు” అని రాసి, గడిలో ఇంకా జాగా ఉంది కదా అని “మంచోడు” అని కూడా రాశాడు. బట్టల దుకాణం నర్సింగమ్మ “మా స్వరూప పెనిమిటి” అని రాయించి వేలిముద్ర వేసింది. కలప డిపో లతీఫ్ భార్య షంషున్నీసా, స్వరూప ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు, అక్కాచెల్లెళ్లలా ఉంటారు. అందుకని లతీఫ్ “సడ్డకుడు”, అంటే తోడల్లుడు, అని రాశాడు. చేనేత సహకార సంఘంవాళ్లు అందరికంటే పద్ధతైనవాళ్లు. సర్వసభ్య సమావేశం పెట్టి, సంఘ సభ్యులందరూ ఆడిటర్ గారికి మామలు అవుతారని ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ తీర్మానం నకలు జతచేశారు.

“ఇవన్నీ గిట్లనే పంపుతరా?” అని అడిగింది స్వరూప.

“క్లయింటు ఇచ్చిన వివరాన్ని ఆడిటర్ దిద్దకూడదు. ప్రమాణం ఉంది” అన్నాడు అమరేందర్, కవరుకు జిగురు రాస్తూ.

జవాబు వెంటనే వచ్చింది. (మండలి చరిత్రలో ఒక జవాబు వెంటనే వెళ్లడం అదే మొదలు.) ఆడిటర్ తన బంధువుల లెక్కలు చూడరాదు. మీ క్లయింట్లందరూ మీ బంధువులేనని మీరు పంపిన కాగితాలే చెబుతున్నవి. కావున నెలాఖరులోగా ఆ బంధుత్వాలు లేవని రుజువు చేయండి. చేయలేకుంటే అందరి పనులూ వదులుకుని, మీకు ఏ వరసా లేని ఊరికి ఆఫీసు మార్చుకోండి.

స్వరూప ఆ కాగితం చదివి కిటికీ వైపు చూసింది. సరిగ్గా అప్పుడే గూడ్సు బండి ఒకటి పోతోంది. గూడ్సులో చెయ్యి ఊపడానికి గార్డు ఒక్కడే ఉంటాడు. అయినా అతనూ ఊపాడు.

“నేను ఈ ఇల్లిడిసి రాను” అంది.

“నేను మాత్రం వస్తానన్ననా” అన్నాడు అమరేందర్. పెళ్లయ్యాక అతను ఎలాంటి షరతూ లేకుండా చెప్పిన మొదటి వాక్యం అదే. ఆమె ఆ రోజు రెండుసార్లు టీ పెట్టింది.

రుజువు చేయడానికి మొదటి మార్గం సులువుగానే తోచింది. ఇకమీదట ఎవరూ తనను అల్లుడని పిలవరాదని, ఆడిటర్ గారని మాత్రమే పిలవాలని అమరేందర్ అందరికీ మర్యాదగా చెప్పాడు. మొట్టమొదట పాలామెకు చెప్పాడు. ఆమె చెంబు కింద పెట్టేసింది.

“ఏమైంది కొడుకా? మా పిల్ల ఏమన్న అన్నదా?”

“అదేం లేదు. ఇది ప్రమాణాల విషయం.”

ప్రమాణం అన్న మాట పట్టుకుని ఆమె గల్లీ మలుపు దాటింది. అల్లుడు ఏదో ఒట్టు పెట్టుకున్నాడట, మన వరస వద్దంటున్నాడట, ఇగ పిల్లను పుట్టింట్లో దింపుడే తరువాయి అట. పొద్దెక్కేసరికి స్వరూప తల్లి నిర్మలమ్మ సర్వపిండి డబ్బాతో దిగింది. వెనుక ఎల్లయ్య, చేతిలో పంపు అలాగే పట్టుకుని, దుకాణానికి తాళం కూడా వేయకుండా వచ్చాడు.

“బాపూ, ఏం కాలేదే. ఆయనకు ఆఫీసుల కానూను వచ్చింది. గంతే” అంది స్వరూప.

“ఎవల్ని ఏమని పిలవాల్నో కానూను ఎట్ల చెప్తదే?”

“చెప్తాంది మరి.”

ఎల్లయ్య అల్లుడి వైపు చూశాడు. అల్లుడు నేల వైపు చూశాడు. “సరే ఆడిటర్ గారు. సర్వపిండి తింటరా, అది కూడ కానూను వొద్దంటదా?” అని అడిగాడు ఎల్లయ్య, ఎంతో గౌరవంగా. ఆ గౌరవం అమరేందర్‌కు రెండు రోజులు మింగుడు పడలేదు. మూడో రోజుకు ఊరు ఊరంతా మళ్లీ అల్లుడా అనడం మొదలుపెట్టింది. ఈసారి జాలిగా.

రెండో మార్గం, వరస లేని ఊరు వెతకడం. కేతేపల్లి పనికిరాదు, అక్కడ అతను ఊరందరికీ కొడుకు. కృష్ణకు దగ్గర్లో హుజూర్‌నగర్ ఉంది, పెద్ద మార్కెట్టు ఉంది, రైస్ మిల్లులున్నాయి, తమను ఎరిగిన పురుగు లేదు. ఇద్దరూ బస్సెక్కారు. ఒకే సీటు, ఒకే కిటికీ, ఒకే పొట్లంలో ఉడకబెట్టిన పల్లికాయ. ఉన్న పని పోబోతున్న మనుషుల్లా వాళ్లు ఒక్క క్షణం కూడా కనిపించలేదు. హుజూర్‌నగర్ బస్టాండులో దిగి, టీ బండి ముందు నిలబడ్డారు.

“ఏ ఊరు బిడ్డా మీది?” అని అడిగింది టీ పోస్తున్న పెద్దామె.

“పాలమూరు అవ్వా.”

“గంత దూరంకెళ్లి వచ్చిన్రా. ఈయన అల్లుడా? ఇగో అల్లుడా, నీకు చక్కెర జర ఎక్కువేసిన.”

అమరేందర్ గ్లాసు నోటిదాకా తీసుకుపోకుండానే పక్కనున్న బల్ల మీద పెట్టాడు. “స్వరూపా, పోదాం పా. ఈ ఊళ్ల గూడ బంధువులున్నరు.” స్వరూప మాత్రం కూర్చుని టీ తాగింది. తనది తాగింది, అతనిది కూడా తాగింది. ఎక్కువ చక్కెర వృథా చేయడం ఏ ప్రమాణంలోనూ లేదు.

నెలాఖరు దగ్గర పడింది. మండలి తన వరసల నిర్ధారణాధికారి గుర్వయ్యను తనిఖీకి పంపింది. బూడిదరంగు సఫారీ సూటు, నల్లటి బ్రీఫ్‌కేసు, జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయడానికి, ఒకటి కొట్టేయడానికి. చాలా నెమ్మదైన మనిషి. మెట్లెక్కుతుండగా పాలామె “పైలం కొడుకా, మూడో మెట్టు ఊగుతది” అంటే, ఆగి, ఆమె తనకు బంధువు కాదని పుస్తకంలో రాసుకుని, మళ్లీ ఎక్కాడు.

“బంధుత్వం లేదని రుజువు చేసుడు కష్టం. కాని వైరం ఉందని రుజువైతే బంధుత్వం దానంతట అదే కొట్టుకపోతది” అన్నాడు గుర్వయ్య. “మీ పెద్ద క్లయింటుతోని ఒక తగాద. నా కండ్ల ముంగట. తృప్తికరంగ ఉండాలె.”

ఇలా ఆ రోజు పల్లినూనె మిల్లులో, మండలి ఆమోదించిన మొదటి తగాదా ఏర్పాటయింది. స్వరూప ముందే వెళ్లి చోటే మియాకు అంతా విడమరచి చెప్పింది. “చిచ్చా, మీరు ఆయనను తిట్టాలె. తిట్టకపోతే మేం ఊరిడిసి పోవాలె.” చోటే మియా కండువాతో మొహం తుడుచుకుని, “ఫికర్ చెయ్యకు బిడ్డా, నేను మస్తు తిడత” అని హామీ ఇచ్చాడు.

గుర్వయ్య పల్లీల బస్తా మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. చోటే మియా గొంతు సవరించుకున్నాడు.

“ఏమయ్య ఆడిటరూ. నువ్వేమన్న పెద్ద మొనగానివి అనుకుంటున్నవా?”

అమరేందర్ జేబులోంచి కాగితం తీసి చదివాడు. “మీ సరుకు నిల్వల వివరాలు నాకు సంతృప్తికరంగా లేవు.”

“లేకుంటె ఏం చేస్తవ్?”

“నా అభ్యంతరం నమోదు చేస్తాను.”

చోటే మియా బాధగా చూశాడు. “గట్ల కాదు అల్లుడా. జర నోరు చేసుకో. సారు చూస్తుండు.”

గుర్వయ్య రాసుకున్నాడు: తగాదా మధ్యలో ‘అల్లుడా’ అను పదము దొర్లినది. మొదటినుంచి మళ్లీ జరపవలెను.

రెండోసారి చోటే మియా నిజంగానే గొంతు పెంచాడు. అంతలో బస్తాలు మోసే హమాలీలు మోత ఆపి వచ్చేశారు. వాళ్లకు మండలి సంగతి తెలియదు. “ఊరి అల్లుని పట్టుకొని గట్ల అంటవా సేటూ? ఏం తప్పు చేసిండు?” అని వాళ్లు చోటే మియా మీదికి పోయారు. “ఒరేయ్, నేను ఉత్తగనే తిడుతున్న” అని చోటే మియా, “ఉత్తగనే ఎందుకు తిడతవ్” అని హమాలీలు. ఉన్న ఒక్క నిఖార్సైన తగాదా ఆడిటర్‌కు, క్లయింటుకు మధ్య కాక, ఆడిటర్ కోసం క్లయింటుకు, హమాలీలకు మధ్య జరిగింది. (అలాంటి తగాదాకు మండలి దగ్గర గడి లేదు.)

అప్పుడు మిల్లు వెనుక ఇంట్లోంచి చోటే మియా భార్య ఇక్బాల్ బీ కొంగు సర్దుకుంటూ వచ్చింది.

“ఇంటికొచ్చినోనికి దూపకు నీళ్లియ్యకుంట లొల్లి పెట్టుకుంటున్నవా? తిట్టుకునుడు తర్వాత. రొట్టెలు సల్లారుతున్నయి. దా అల్లుడా. బిడ్డా, నువ్వు దా. ఓ సఫారీ సారూ, మీరు గూడ.”

గుర్వయ్య చివరి వాక్యం రాశాడు: వైరము భోజనము వరకు నిలవలేదు. రాసి, పుస్తకం మూశాడు. క్లయింటు ఇంట్లో అధికారి టీ వరకే పుచ్చుకోవచ్చు, రొట్టె ముట్టరాదు. అందుకని స్వరూప అతన్ని తమ ఇంటికి తీసుకుపోయి వడ్డించింది. జొన్న రొట్టె, పచ్చిపులుసు, మినహాయింపు లేని పప్పు. అమరేందర్ తినకుండా కంచం వైపు చూస్తూ కూర్చున్నాడు. కింద ఆఫీసు బోర్డు ఎలా విప్పాలా అని ఆలోచిస్తున్నాడు. దాన్ని కొట్టినవాడు మేకులు చాలా లోతుగా కొట్టాడు.

“సార్, ఒక మాట అడగాలె” అంది స్వరూప. “బంధువు అంటే ఎవరని మీ ప్రమాణంల రాసిన్రు?”

“బంధుత్వం ఉన్నోడు బంధువు.”

“బంధుత్వం అంటే?”

“బంధువుల నడుమ ఉండేది.”

“మరి ఉన్నదో లేదో దేన్ని బట్టి తేలుస్తరు? పిలుపును బట్టా, రక్తాన్ని బట్టా?”

“ఇప్పటిదాంక పిలుపును బట్టే అమ్మా. జనం ఏమని పిలుస్తరో అదే మాకు సాక్ష్యం.” గుర్వయ్య ఇంకో రొట్టె వేయించుకున్నాడు. “పప్పు మంచిగున్నది.”

“మీకు ఎవరున్నరు సార్?”

“అన్న ఉన్నడు. మల్లయ్య. హుజూర్‌నగర్ దిక్కు మా ఊరు. అధికారులం మేము గూడ ఏటేటా రాసియ్యాలె, దగ్గరి బంధువు ఎవరని. నేను మా అన్న పేరు రాస్త.”

“ఆయన మిమ్ములను ఏమని పిలుస్తడు?”

గుర్వయ్య చెయ్యి పులుసు మీద ఆగింది. బయట ప్యాసింజర్ కూత వేసింది. స్వరూప ఈసారి కిటికీ దగ్గరికి పోలేదు.

“పిలుచుడు లేదమ్మా” అన్నాడు గుర్వయ్య. “చేను పంచుకున్నప్పుడు నడుమ గట్టు ఎవరిదని మాటమాట అయింది. గట్టు మీద ఒక తుమ్మ చెట్టుండె. ఇప్పుడు చెట్టు గూడ లేదు. కేసు ఉన్నది.”

“మరి పిలుపే సాక్ష్యం అయితే, మీ కాగితంల అన్న పేరు రాయరాదు గద సార్. ఆ గడి ఖాళీగ పెట్టాలె.”

ఆమె ఎత్తిపొడవడానికి అనలేదు. బీకాంలో నేర్పినట్టు, ఒక పక్క రాసింది రెండో పక్క కూడా సరిపోవాలి కదా అని అడిగింది. గుర్వయ్య మాత్రం మొత్తం కూడి చూసుకుని ఎక్కడో తేడా పట్టుబడ్డవాడిలా కూర్చున్నాడు. కొట్టేసే పెన్ను తీసి, ఒకసారి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“ఖాళీగ పెట్టుడు మంచిగుండదు” అన్నాడు.

చెయ్యి కడుక్కుని, బ్రీఫ్‌కేసు ఒళ్లో పెట్టుకుని, అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు. ఇకమీదట రెండు జిల్లాల్లో రక్తసంబంధము మాత్రమే బంధుత్వము. పిలుపులు, పలకరింపులు, రొట్టెలు, సంఘ తీర్మానాలు చెల్లవు. కావున ఆడిటర్ అమరేందర్‌కు మహబూబ్‌నగర్ పట్టణంలో క్లయింట్లెవరితోనూ ఏ సంబంధమూ లేదని, ఆయన పూర్తిగా స్వతంత్రుడని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

అమరేందర్ ఆ కాగితం రెండుసార్లు చదివి, తన జీవితంలో మొదటిసారి ఒక పత్రాన్ని పూర్తిగా ఒప్పుకున్నాడు. “స్వరూపా, ఇంత మంచి ఉత్తర్వు నేను చూడలే” అన్నాడు. ఆమె కిటికీ తలుపు పూర్తిగా తెరిచిపెట్టింది. ఇక ఎన్ని రైళ్లయినా పోవచ్చు.

కింద మిల్లువాళ్లు, నర్సింగమ్మ, లతీఫ్, సంఘంవాళ్లు వార్త కోసం నిలబడి ఉన్నారు. మీరెవరూ అతనికి ఏమీ కారని స్వరూప ఉత్తర్వు చదివి వినిపించింది. చోటే మియా శ్రద్ధగా విని, సంతోషంగా తల ఊపాడు.

“సర్కారోళ్లు చెప్తే ఇగ సరే. ఏమీ కామంటే కాము. అల్లుడా, కొత్త కాగితం మీద సంతకం యాడ పెట్టాలె?”

గుర్వయ్య అప్పటికింకా పైనే ఉన్నాడు. ఉత్తర్వు చెల్లాలంటే, రాసిన అధికారి తన దగ్గరి బంధువుకు కూడా ఒక నకలు పంపాలి. అతను కార్బన్ కాగితం తీసి, కవరు మీద మల్లయ్య పేరు అందంగా రాశాడు. చిరునామా దగ్గర కాసేపు ఆగి, “వారి వకీలు గారి ద్వారా” అని రాశాడు.